పెచ్చు ఊడిందా, పొడి రాలిందా? – బ్యాటరీ పూతల పట్టుపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో అమరరాజా గిగా కారిడార్‌కు (లిథియం బ్యాటరీల కర్మాగారానికి) 2023 మేలో శంకుస్థాపన జరిగింది. ఆ తర్వాత ఈ శీర్షికకు లిథియం సెల్ తయారీ మీద ఉత్తరాలు పెరుగుతూ వచ్చాయి. వాటిలో ఎలక్ట్రోడ్ (సెల్‌లో పూత పూసిన లోహపు రేకు) పూత పట్టు గురించి అడిగినవి ఈసారి ఒకచోట చేర్చాం. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాం. పేర్లు వేయలేదు, ఊరు మాత్రం వేశాం.

ప్రశ్న: ఇంటర్వ్యూలో "పీల్ టెస్టు ఎందుకు చేస్తారు?" అని అడిగారు. పూత ఊడకుండా ఉందో లేదో చూడటానికి అన్నాను. "అంతేనా?" అన్నారు. ఇంకేం చెప్పాల్సింది?
– డిప్లొమా విద్యార్థి, మహబూబ్‌నగర్

మీ జవాబు తప్పు కాదు, సగం. పీల్ టెస్టు అంటే పూతకు టేపు అంటించి, రేకు నుంచి ఊడదీస్తూ బలం కొలవడం. సెల్‌లోని యానోడ్ (నెగెటివ్ ఎలక్ట్రోడ్) అంటే 6 నుంచి 10 మైక్రాన్ల రాగి రేకు, దానికి రెండు వైపులా గ్రాఫైట్ పూత. కాథోడ్ (పాజిటివ్ ఎలక్ట్రోడ్)లో రాగికి బదులు 12–15 మైక్రాన్ల అల్యూమినియం రేకు ఉంటుంది. పూతలో 95 శాతం దాకా పొడే. దాన్ని పట్టి ఉంచే జిగురు, అంటే బైండరు, మామూలుగా 2 నుంచి 4 శాతం. ఆ కాస్త జిగురు రెండు పనులు చేయాలి. రేణువుకూ రేణువుకూ మధ్య నిలవాలి, పూతకూ రేకుకూ మధ్య కూడా నిలవాలి.

పాత ఇళ్ల సున్నపు గోడలు చూసే ఉంటారు. ఒక గోడకు ఆనుకుంటే చొక్కా తెల్లబడుతుంది. అక్కడ సున్నానికి సున్నానికే పట్టు లేదు. ఇంకో గోడ చేత్తో రుద్దినా ఏమీ కాదు, కానీ నాలుగు వానలు పడ్డాక అరచేయంత పెచ్చులు ఊడిపడతాయి. అక్కడ సున్నం గట్టిదే, గోడతోనే తెగింది. రెండింటికీ మందు ఒకటి కాదు. పీల్ టెస్టు చెప్పాల్సింది ఇదే: తెగింది ఎక్కడ, ఎంత బలానికి తెగింది. మీరు రెండోది చెప్పారు, వాళ్లు మొదటిది కూడా ఆశించి ఉంటారు.

సెల్‌లో దీని అవసరం ఏమిటంటారా? చార్జింగులో గ్రాఫైట్ సుమారు 10 శాతం ఉబ్బుతుంది, డిశ్చార్జిలో తగ్గుతుంది. వందల సార్లు అలా ఊపిరి తీసి వదిలాక పట్టు చాలని పూత రేకును వదిలేస్తుంది. వదిలిన మేర కరెంటుకు దారి ఉండదు, రెసిస్టెన్సు పెరుగుతుంది. అంతకు ముందే, కోతలోనో చుట్టడంలోనో రాలిన రేణువు రెండు ఎలక్ట్రోడ్లనూ విడదీసే సెపరేటరు పొరలో గుచ్చుకుంటే లోపలే షార్టు.

ప్రశ్న: ప్రాజెక్టు కోసం గ్రాఫైట్ యానోడ్ పూసి, కాలేజీ యూటీఎమ్ (లాగి, నొక్కి బలం కొలిచే పెద్ద యంత్రం) మీద పీల్ టెస్టు చేశాం. గ్రాఫు నిండా గీతలు పైకీ కిందికీ కొట్టుకుంటున్నాయి తప్ప విలువ తేలడం లేదు. చిన్న లోడ్ సెల్ (బలం కొలిచే సెన్సరు) కొనే బడ్జెట్ లేదు. వేరే దారి ఉందా?
– ఇంజనీరింగ్ విద్యార్థులు, జడ్చర్ల

ముందు లెక్క చూడండి. 20 మిల్లీమీటర్ల వెడల్పు స్ట్రిప్పును ఊడదీయడానికి 0.4 న్యూటన్లు పట్టిందనుకుందాం, అంటే సుమారు 40 గ్రాముల బరువు. మీరు రాసినదాన్ని బట్టి మీ యంత్రం ఇనుప కడ్డీలకు కొన్న 100 కిలోన్యూటన్లది. దాని సామర్థ్యంలో ఇది రెండున్నర లక్షల్లో ఒక వంతు. ధర్మకాంట మీద తులం బంగారం తూచినట్టు. మీ గ్రాఫులో ఉన్నది లోడ్ సెల్ గొణుగుడు, పూత పట్టు కాదు. ఈ పనికి 10 న్యూటన్ల లోడ్ సెల్ సరైనది, 50 దాకా సర్దుకోవచ్చు.

అది లేకుండా చేసే దారి ఒకటుంది. ల్యాబులో 600 గ్రాముల సామర్థ్యం, 0.01 గ్రాము దాకా చూపే ఎలక్ట్రానిక్ త్రాసు ఉంటుంది. నమూనాను త్రాసు పళ్లెం మీద పెట్టి, రేకును నిట్టనిలువుగా పైకి లాగండి. ఎంత బలంతో లాగుతున్నారో అంత బరువు త్రాసులో తగ్గుతుంది. 90 డిగ్రీల పీల్ టెస్టు అంటే అదే. పైన కప్పీ వాడినా దాని రాపిడి లెక్కలోకి రాదు, ఎందుకంటే బలాన్ని కొలుస్తున్నది నమూనా కిందనే.

పలక: 50 × 125 మిల్లీమీటర్లు, 3 మి.మీ. మందం స్టెయిన్‌లెస్ స్టీలు. దాదాపు 150 గ్రాములు తూగుతుంది, లాగే బలం కన్నా మూడింతలకు పైనే కాబట్టి పైకి లేవదు. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో రెండుసార్లు తుడిచి ఆరనివ్వండి. దాని మీద 25 మి.మీ. వెడల్పు డబుల్ సైడ్ టేపు బుడగలు లేకుండా అంటించండి. స్ట్రిప్పు 20 × 120 మి.మీ. గాజు పలక మీద స్టీలు స్కేలు ఆనించి కొత్త బ్లేడుతో ఒక్క గీతలో కోయండి. కత్తెర వద్దు. కత్తెర అంచును నలుపుతుంది, నలిగిన అంచు నుంచే రేకు చిరుగుతుంది. ఒక వైపే పూసిన ఎలక్ట్రోడ్ తీసుకోండి. రెండు వైపులా పూత ఉంటే రేకు వంగే తీరు మారి అంకె మారిపోతుంది.

పూత ముఖం టేపు వైపు ఉండాలి. మొదటి 30 మిల్లీమీటర్ల మేర టేపు కాగితం తీయకుండా వదిలేస్తే అక్కడ స్ట్రిప్పు అంటుకోదు. లాగడానికి పట్టు అదే. పైన మళ్లీ మైనపు కాగితం పరిచి (టేపు స్ట్రిప్పు కన్నా వెడల్పు కాబట్టి రోలరు అంటుకుంటుంది) 2 కిలోల రబ్బరు రోలరును రెండుసార్లు ముందుకూ వెనక్కూ దొర్లించండి. చేత్తో అదమకండి, రోలరు బరువే చాలు. సెకనుకు సెంటీమీటరు నడక. తర్వాత 20 నిమిషాలు ఆగండి. ఎంత ఆగారన్నది పెద్ద విషయం కాదు, ప్రతి నమూనాకూ అంతే ఆగడం ముఖ్యం.

లాగడానికి నిమిషానికి 3.5 చుట్లు తిరిగే 12 వోల్టుల గేరు మోటారు, దాని ఇరుసుకు 10 మి.మీ. వ్యాసం చక్రం. ఒక చుట్టుకు 31.4 మి.మీ. దారం చుట్టుకుంటుంది కాబట్టి వేగం నిమిషానికి 110 మి.మీ. పడుతుంది. యూటీఎమ్ మీద 300 వాడే ల్యాబులు చాలా ఉన్నాయి, కానీ మామూలు త్రాసు డిస్‌ప్లే ఆ వేగాన్ని అందుకోలేదు. దారం సాగకూడదు. నైలాన్ దారం సాగి వదిలి, సాగి వదిలి, లేని రంపపు పళ్లు సృష్టిస్తుంది. గాలానికి వాడే అల్లిక దారం మేలు. మోటారును కనీసం మీటరు ఎత్తున, ఊడదీసే 60 మి.మీ. మేర నడిమధ్యకు నేరుగా పైన బిగించండి. అప్పుడు ఊడే చోటు మధ్య నుంచి అటు 30, ఇటు 30 మిల్లీమీటర్లు జరుగుతుంది, కోణం 90 నుంచి రెండు డిగ్రీలు కూడా తప్పదు. దానివల్ల వచ్చే తేడా 3 శాతం. దారాన్ని అరమీటరుకు కుదిస్తే అది రెట్టింపవుతుంది.

త్రాసును సున్నా చేసి, ఫ్యాను ఆపి, మోటారు వేయండి. డిస్‌ప్లేను ఫోనులో వీడియో తీస్తే చాలు. మొదటి 15–20 మి.మీ. రీడింగులు వదిలేయండి, అక్కడ బలం ఇంకా కుదురుకోదు. మిగతాదాని సగటు గ్రాములను 0.49తో గుణిస్తే న్యూటన్/మీటరు వస్తుంది (20 మి.మీ. వెడల్పుకు మాత్రమే). 40 గ్రాములైతే 19.6. కనీసం 5 నమూనాలు చేయండి. అవి షీటు ఎడమ అంచు, మధ్య, కుడి అంచుల నుంచి రావాలి. అన్నీ మధ్యలోంచే కోస్తే అంకెలు ముచ్చటగా కలుస్తాయి, తెలిసేది మాత్రం తక్కువ.

అంకె రాసుకునే ముందు రెండు ముఖాలూ చూడండి. ఊడిన రేకు కొత్త రాగిలా మెరుస్తూ, టేపు నల్లగా నిండి ఉంటే పెచ్చు ఊడింది. రెండు వైపులా నలుపే ఉంటే పూత మధ్యలో తెగింది, అంటే పొడి. టేపు పలకను వదిలినా, టేపు మీద నలుపు అంటకపోయినా ఆ రీడింగు పూతది కాదు, టేపుది. కొట్టేయండి. కంటిని నమ్మకపోతే తూచండి. 10 మైక్రాన్ల రాగి చదరపు మీటరుకు 89.6 గ్రాములు, కాబట్టి ఊడిన 20 × 60 మి.మీ. ముక్కలో రాగి 0.108 గ్రాము. అంతకన్నా ఎంత ఎక్కువ తూగితే అంత పూత రేకు మీదే మిగిలింది. దీనికి మాత్రం ఒక మిల్లీగ్రాము చూపే త్రాసు కావాలి.

మీ ఉత్తరంలో "టేపు సరిగా అంటక ఫెవిక్విక్ వాడాం" అని రాశారు. అది వద్దు, ఆరాల్డైటూ వద్దు. పూతలో దాదాపు మూడో వంతు ఖాళీ రంధ్రాలే. పల్చటి జిగురు వాటిలోంచి దిగి రాగిని చేరుతుంది. అప్పుడు మీరు కొలిచేది గ్రాఫైట్ పూత పట్టు కాదు, ఫెవిక్విక్ పట్టు. అంకె అద్భుతంగా వస్తుంది కూడా, అదే ప్రమాదం.

ఇంకో రెండు. గది 23 డిగ్రీల దగ్గర ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో పాలమూరు గదిలో 40 డిగ్రీల దగ్గర అక్రిలిక్ టేపు మెత్తబడి సాగుతుంది, అదే నమూనాకు వేరే విలువ వస్తుంది. టేపు రోలును కూడా అదే గదిలో ముందురోజే పెట్టండి. నమూనాలను పరీక్షకు ముందు వాక్యూమ్ ఓవెన్‌లో ఆరబెట్టి, డెసికేటరులో చల్లార్చి వాడండి. సీఎమ్‌సీ బైండరు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పొద్దునా సాయంత్రం రీడింగులు కలవకపోవడానికి చాలాసార్లు అదే కారణం.

ప్రశ్న: సరఫరాదారు రిపోర్టులో యానోడ్ పట్టు 30 గ్రామ్-ఫోర్స్/25 మి.మీ. (180 డిగ్రీలు) అని ఉంది. మా కొలతలో మా సొంత పూత 18 న్యూటన్/మీటరు (90 డిగ్రీలు). ఏది గట్టిది?
– నాణ్యతా విభాగం ఉద్యోగి, చౌటుప్పల్

ప్రమాణాలు కలపండి ముందు. 1 గ్రామ్-ఫోర్స్/25 మి.మీ. అంటే 0.392 న్యూటన్/మీటరు. కాబట్టి వాళ్లది 11.8, మీది 18. మీదే గెలిచినట్టు కనిపిస్తుంది.

కానీ కోణాలు వేరు. 180 డిగ్రీల్లో లాగేటప్పుడు యంత్రం రెండు సెంటీమీటర్లు కదిలితే పూత ఒక సెంటీమీటరే ఊడుతుంది. 90 డిగ్రీల్లో ఎంత కదిలితే అంత ఊడుతుంది. అంటే ఒక చదరపు మీటరు ఊడదీయడానికి అయిన శక్తి వాళ్ల లెక్కలో 11.8కి రెట్టింపు, 23.5 జౌళ్లు. మీ లెక్కలో 18 జౌళ్లే. ఇప్పుడు వాళ్లది గెలిచింది!

అదీ పూర్తి నిజం కాదు. 180 డిగ్రీల్లో రేకు మడత పడి తిరుగుతుంది, ఆ మడతకే కొంత శక్తి ఖర్చవుతుంది. 10 మైక్రాన్ల రాగికి ఒక ఖర్చు, 6 మైక్రాన్లకు ఇంకొకటి. పైగా వాళ్లు రేకును లాగారో, రేకును పలకకు అంటించి టేపును లాగారో మీరు పంపిన కాగితంలో లేదు. వేగం లేదు, టేపు పేరు లేదు. వాళ్ల షీటు ఒక మీటరు తెప్పించుకుని మీ పద్ధతిలోనే ఊడదీసి చూడండి. వేరే దారి లేదు. 180 డిగ్రీలకు ఐఎస్‌వో 8510 రెండో భాగం, టేపులకు ఏఎస్‌టీఎం డీ 3330 లాంటి ప్రమాణాలను ఆధారంగా తీసుకుంటారు గానీ, అవి ఎలక్ట్రోడ్ కోసం రాసినవి కావు. అందుకే ప్రతి ల్యాబూ తనకు తగ్గట్టు సర్దుకుంటుంది, రిపోర్టులో ఆ సర్దుబాటు రాయదు.

ప్రశ్న: ల్యాబులో అప్లికేటరుతో (చేత్తో పూత పరిచే సాధనం) పూసి ఆరబెట్టిన యానోడ్ బాగుంటుంది. అదే స్లర్రీని (తడి పూత ముద్దను) లైను మీద పూస్తే పట్టు సగానికి పడిపోతోంది, రేకు మెరుస్తూ ఊడి వస్తోంది. స్పీడు పెంచేకొద్దీ ఇంకా అన్యాయం. బైండరు శాతం పెంచమంటున్నారు. పెంచాలా?
– కోటింగు ఆపరేటరు, షాద్‌నగర్

అప్పుడే పెంచకండి. జిగురు తక్కువై కాదు, ఉండాల్సిన చోట లేక మీ పూత ఊడుతోంది. రేకు మెరుస్తోందని మీరే రాశారు కదా, అది పెచ్చు. పూత పైముఖం కాస్త నిగనిగలాడుతోందేమో కూడా చూడండి.

చౌడు నేల ఎలా తయారవుతుందో మీ వైపు రైతుకు చెప్పనక్కర్లేదు. అడుగున ఉన్న ఉప్పు నీళ్లతో కలిసి పైకి పాకుతుంది. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు పైన తెల్లగా పేరుకుంటుంది. ఓవెన్‌లో జరిగేది అచ్చం అదే. యానోడ్ బైండరుగా వాడే ఎస్‌బీఆర్ రబ్బరు అంటే నీళ్లలో తేలే నూరు, రెండు నూర్ల నానోమీటర్ల బొట్లు. పైన నీరు వేగంగా ఆవిరవుతుంటే కింది నీరు గ్రాఫైట్ సందుల్లోంచి పైకి పాకుతుంది, రబ్బరు బొట్లను తనతో లాక్కుపోతుంది. రాగి దగ్గర జిగురు కరువు, పైన కుప్ప. కాథోడ్‌లో ఎన్ఎమ్‌పీ ద్రావకంతో పీవీడీఎఫ్ బైండరుకీ ఇదే గతి.

ల్యాబులో మీరు 20, 30 నిమిషాలు నింపాదిగా ఆరబెడతారు. లైను ఓవెన్‌లో ఒకటి రెండు నిమిషాల్లో అయిపోవాలి. పాకిన బొట్టు మళ్లీ కిందికి సర్దుకునే వ్యవధి లేదు. పూత మందమయ్యేకొద్దీ పాకే దూరం ఎక్కువ, కాబట్టి మందపు పూతలకు దెబ్బ ఎక్కువ.

అయితే ఓవెన్ మొత్తం చల్లార్చాల్సిన పని లేదు. ఆరడంలో మూడు దశలుంటాయి. మొదట తడి పూత కుదించుకుపోతుంది, రేణువులు ఇంకా ఈదుతూనే ఉంటాయి. అప్పుడు వేడి కాస్త ఎక్కువైనా పెద్ద నష్టం లేదు. తర్వాత రేణువులు ఒకదానికొకటి తగిలి కుదించుకోవడం ఆగుతుంది, రంధ్రాల్లోంచి నీరు ఖాళీ కావడం మొదలవుతుంది. బైండరు పాకేది ముఖ్యంగా ఇక్కడే. ఈ దశ మీ ఓవెన్‌లో ఏ జోనులో పడుతుందో కనిపెట్టాలి. కిటికీలోంచి చూస్తే తడి మెరుపు పోయి పూత మసకబారే చోటు కనిపిస్తుంది. ఆ జోనులో ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గించండి, గాలి ఊదే వేగం కూడా తగ్గించండి. చాలామంది డిగ్రీలు మాత్రమే ముట్టుకుని గాలిని వదిలేస్తారు. మూడో దశ మిగిలిన కాస్త తేమ పోవడం, కాబట్టి చివరి జోనులో మళ్లీ పెంచుకోవచ్చు. ఒక మార్పుకు ఒక రోలు, ప్రతి రోలుకూ అంచు–మధ్య–అంచు పీల్. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో ఎవరూ చెప్పలేరు.

బైండరు పెంచితే ఏమవుతుంది? పైన కుప్ప పెద్దదవుతుంది. కింద కొంచెం మెరుగు, కానీ పైన మూసుకున్న రంధ్రాల వల్ల లిథియం అయాన్లకు దారి ఇరుకై వేగంగా చార్జి చేసినప్పుడు సెల్ తడబడుతుంది.

ఓవెన్‌ను తప్పుపట్టే ముందు ఒక పరీక్ష: లైను ట్యాంకులోంచే స్లర్రీ తీసి ల్యాబులో పూసి మెల్లగా ఆరబెట్టండి. పట్టు బాగుంటే దోషం ఓవెన్‌ది. అప్పుడూ పడిపోతే దోషం మిక్సింగులో ఉంది. ఎస్‌బీఆర్‌ను చివరన, తక్కువ స్పీడులో కలపాలి. గట్టిగా చిలికితే మజ్జిగలో వెన్న తేలినట్టు రబ్బరు ముద్ద కడుతుంది, ముద్ద కట్టిన రబ్బరు అంటించదు. సీఎమ్‌సీ పొడిని ఒక్కసారిగా నీళ్లలో పోస్తే రాగి జావ ఉండ కట్టినట్టు పైన జిగటగా, లోపల పొడిగా ఉండలవుతుంది. ముందురోజే కరిగించి, జల్లెడ పట్టి వాడండి.

ప్రశ్న: కాథోడ్ (నికెల్ ఎక్కువున్న ఎన్ఎమ్‌సీ, అంటే నికెల్-మాంగనీస్-కోబాల్ట్ పొడి) స్లర్రీ ఎండాకాలం బాగానే ఉంది. జూలై నుంచి కొన్ని బ్యాచులు జావలా గడ్డ కడుతున్నాయి. గడ్డ కట్టనివి కూడా పూస్తే పట్టు తక్కువగా వస్తోంది.
– ప్రాసెస్ టెక్నీషియన్, కొత్తూరు

తేమ. నికెల్ ఎక్కువున్న పొడి మీద మిగిలిపోయిన లిథియం హైడ్రాక్సైడ్, కార్బొనేట్ ఉంటాయి. తేమ తగిలితే అవి గట్టి క్షారంగా పనిచేసి పీవీడీఎఫ్ గొలుసుల్లోంచి హైడ్రోజన్ ఫ్లోరైడును లాగేస్తాయి. గొలుసులు ఒకదానికొకటి ముడిపడి స్లర్రీ రంగు ముదురుతుంది, చిక్కబడుతుంది, ఆఖరికి గడ్డ కడుతుంది. ముడిపడ్డ బైండరు రేకును సరిగా తడపలేదు. గడ్డ కట్టని బ్యాచులో కూడా ఇదే మొదలై ఉంటుంది, మీకు కనిపించేంత కాలేదు, అంతే.

రెండో దెబ్బ పూశాక. ఎన్ఎమ్‌పీ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీటిలో పీవీడీఎఫ్ కరగదు, కాబట్టి తడి పూతలోకి తేమ దిగితే బైండరు రేణువుల చుట్టూ పరుచుకోకుండా ముందే విడిపోయి స్పాంజిలా గడ్డకడుతుంది.

డ్రమ్ములోని ఎన్ఎమ్‌పీలో నీటి శాతం కార్ల్ ఫిషర్ పరీక్షతో (నీటిని కొలిచే పద్ధతి) చూడండి, కొన్ని వందల పీపీఎమ్ (పది లక్షల్లో వంతులు) దాటితే ఆ డ్రమ్ము పక్కన పెట్టండి. సగం వాడిన డ్రమ్ముకు మూత బిగించి పైన నైట్రోజన్ నింపాలి. పొడిని వాక్యూమ్‌లో 120 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, వేడి తగ్గేదాకా మూత తీయకండి. సంచిని గదిలోకి తెచ్చి వెంటనే విప్పకండి. చల్లటి స్టోరులోంచి వచ్చిన సంచి మీద జూలై గాలిలోని తేమ చెమటలా పడుతుంది. స్లర్రీ కలిపిన రోజే పూసేయండి.

ప్రశ్న: పెయింటుకు చేసే గళ్ల పరీక్ష (బ్లేడుతో గళ్లు గీసి టేపు వేసి లాగడం) ఎలక్ట్రోడ్‌కు చేయొచ్చా?
– నాగర్‌కర్నూల్

లైను పక్కన పది సెకన్లలో "బొత్తిగా పాడైందా" తేల్చుకోవడానికి పనికొస్తుంది, రిపోర్టుకు పనికిరాదు. పెయింటు కింద ఇనుప రేకు ఉంటుంది, ఇక్కడ 10 మైక్రాన్ల రాగి. బ్లేడు రాగిని కూడా కోసేస్తుంది. దానికన్నా 5, 3, 2 మి.మీ. కడ్డీల చుట్టూ పూత బయటికి ఉండేలా వంచి చూడటం మేలు. ఏ కడ్డీ దగ్గర పగులు వచ్చిందో రాసుకోండి. చుట్టే సెల్‌లో లోపలి మలుపు ఎలా నిలుస్తుందో అదే చెబుతుంది.

ప్రశ్న: ఎలక్ట్రోలైట్‌లో నానబెట్టాక పట్టు ఎంత తగ్గుతుందో కొలవాలి. పాత లాప్‌టాప్ సెల్ విప్పి అందులోని ద్రవం వాడదామనుకుంటున్నాం.
– డిగ్రీ విద్యార్థులు, వనపర్తి

వద్దు. చార్జి మిగిలిన సెల్ విప్పితే మంట. మిగలకపోయినా అందులోని లిథియం లవణం (ఎల్ఐపీఎఫ్6) గాలి తేమతో కలిసి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుట్టిస్తుంది. అది చర్మంలోంచి దిగి ఎముక దాకా పోతుంది, కొన్నిసార్లు గంటల తర్వాత గానీ నొప్పి తెలియదు. గ్లవ్ బాక్సు (గాలి, తేమ చొరబడని పెట్టె), కాల్షియం గ్లూకొనేట్ జెల్ (ఆ ఆమ్లం తగిలితే పూసే మందు) లేని చోట ఆ పని మొదలుపెట్టకూడదు.

లవణం లేని ద్రావకంతో సగం ప్రశ్నకు జవాబు దొరుకుతుంది, బైండరు ఉబ్బడం వల్ల ఎంత తగ్గిందన్నది. అందులోనూ డైమిథైల్ కార్బొనేట్ వద్దు. దాని ఆవిరి 17, 18 డిగ్రీలకే అంటుకునే స్థితికి వస్తుంది, మన దగ్గర డిసెంబరు మధ్యాహ్నమూ అంతకన్నా వేడే. ప్రొపైలీన్ కార్బొనేట్ తీసుకోండి, దాని ఫ్లాష్ పాయింటు 130 డిగ్రీల పైన. మూత పెట్టిన గాజు సీసాలో 60 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచండి. (గ్రాఫైట్‌ను ప్రొపైలీన్ కార్బొనేట్ విడగొడుతుందని చదివి ఉంటారు. అది చార్జి చేసేటప్పటి మాట, ఊరికే నానితే కాదు.) తడి పూతకు టేపు అంటదు, కాబట్టి ఇథనాల్‌తో కడిగి, వాక్యూమ్‌లో ఆరబెట్టి, నానబెట్టని జోడీ నమూనాను కూడా అలాగే కడిగి, ఆరబెట్టి, రెండూ ఒకేరోజు ఊడదీయండి.

ప్రశ్న: ఇన్వర్టరు బ్యాటరీలు బాగుచేస్తాను. పాతవాటి అడుగున గోధుమరంగు బురద పేరుకుంటుంది. అదీ పూత ఊడటమేనా? దానికీ టేపు పరీక్ష ఉందా?
– బ్యాటరీ మెకానిక్, సూర్యాపేట

అదీ ఊడటమే, కానీ టేపు పనికిరాదు. అక్కడ రేకు బదులు సీసపు జాలీ, దాని గళ్లలో నింపిన ముద్ద. ఆ బురదలో ఎక్కువ భాగం పాజిటివ్ ప్లేటు నుంచి రాలిన లెడ్ డయాక్సైడ్. ఫ్యాక్టరీలో తేమలో పదును పెట్టి (క్యూరింగు చేసి) ఆరిన ప్లేటును తూచి, మీటరు ఎత్తు నుంచి గట్టి నేల మీద బల్లపరుపుగా కొన్నిసార్లు పడేసి, మళ్లీ తూచి రాలినదెంతో చూస్తారు. ముద్ద జాలీని పట్టుకునేది పదును పెట్టే గదిలోనే. అక్కడ తేమ 90 శాతం పైన నిలపాలి, ముందే ఆరిపోతే ముద్ద జాలీని వదిలేస్తుంది. మీ చేతికి వచ్చే పాత బ్యాటరీల్లో మాత్రం ఎక్కువ చార్జింగు, అడుగంటా డిశ్చార్జీ కారణాలు. ట్యూబ్యులర్ ప్లేట్లకు గొట్టపు తొడుగు ఉంటుంది కాబట్టి రాలడం తక్కువ. ఆ బురదను కాలువలో పోయకండి, ఒట్టి చేతుల్తో ముట్టుకోకండి. సీసం.

ప్రశ్న: పీల్ విలువ బాగుంది, 20 న్యూటన్/మీటరు పైనే. అయినా స్లిట్టింగు తర్వాత అంచు నుంచి నల్ల పొడి రాలుతోంది. పరీక్ష తప్పా, కోత తప్పా?
– మెషీన్ ఆపరేటరు, నల్గొండ

పీల్ టెస్టు పూత మధ్యలో జరుగుతుంది, కోత అంచులో. ముందు కత్తిని చూడండి. పది రెట్లు చూపే భూతద్దంతో కోసిన అంచు చూస్తే, మొద్దు కత్తి అయితే రాగి అంచు ఒక పక్కకు మడిచినట్టు లేచి ఉంటుంది. అంచు శుభ్రంగా ఉండీ పొడి రాలుతుంటే మీ పీల్ నమూనాల రెండు ముఖాలనూ మళ్లీ తీసి చూడండి. రెండు వైపులా నలుపే ఉంటే ఆ 20 చెబుతున్నది పూత లోపలి పట్టు. రేకుతో పట్టు ఇంకా ఎక్కువే ఉండొచ్చు, రేణువుల మధ్యే బలహీనం. క్యాలెండరింగుకు (పూతను రోలర్ల మధ్య నొక్కడానికి) ముందు తీసిన నమూనా, తర్వాత తీసిన నమూనా విడివిడిగా ఊడదీయండి. సాంద్రత కోసం రోలర్లు మరీ బిగిస్తే రేణువులు చిట్లుతాయి. చిట్లిన ముఖం మీద జిగురు ఉండదు, రాలేది ఆ పొడే. రోలు మార్చేటప్పుడల్లా కత్తి కింద తెల్ల కాగితం పరిచి, వంద మీటర్లకు పడిన పొడి తూచి రాసిపెట్టండి. కత్తి మార్చిన రోజు ఆ అంకె పడిపోతే దోషం కత్తిది, పడకపోతే క్యాలెండరు దగ్గరికి వెళ్లండి.